మావ్లే కేసు, మా ఇచ్చోడ అర్జీలు

ప్రభాకరరావు మావ్లే కేసు గురించి తెలంగాణలో అర్జీలు రాసి బతికే ప్రతివాడికీ తెలిసి ఉండాలని నా నమ్మకం. 1965లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు అది. నేను ఆదిలాబాద్ జిల్లా బోథ్ కోర్టులో వకీలు గుమాస్తాగా చేరిన కొత్తలో మా వకీల్ సాబ్ దాన్ని నాకు విప్పి చెప్పారు. తర్వాత గుమాస్తాగిరీ మానేసి ఇచ్చోడలో టైపు మిషను పెట్టుకున్నాను. నా ముందు బెంచీ మీద కూచున్న ఎందరి కాగితాలు చూసినా ఆ కేసే గుర్తుకొచ్చేది.

సంగతి ఇది. హైదరాబాదులో మావ్లే అనే ఆయన మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక ఉత్తర్వు జారీ చేసింది. ఆయన అదేపనిగా పస లేని కేసులు వేసి జనాన్ని వేధిస్తున్నాడు కాబట్టి, ఇకమీదట సివిల్ దావా గానీ క్రిమినల్ కేసు గానీ వేయాలంటే ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలని దాని సారాంశం. అనుమతి లేని కేసును కోర్టు కొట్టేస్తుంది. ఈ ఉత్తర్వుకు ఆధారం 1949లో మద్రాసు శాసనసభ చేసిన వేధింపు వ్యాజ్యాల నివారణ చట్టం.

చాలా చిన్న చట్టం. రెండో సెక్షనే దానికి ప్రాణం. ముందు అడ్వకేట్ జనరల్ అర్జీ పెట్టాలి. ఫలానా మనిషి అలవాటుగా, తగిన ఆధారం లేకుండా, వేధించే కేసులు వేస్తున్నాడని హైకోర్టుకు నమ్మకం కుదరాలి. ఆ మనిషిని పిలిచి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అప్పుడు గానీ ఉత్తర్వు రాదు. ఉత్తర్వు వచ్చాక ప్రెసిడెన్సీ పట్టణంలో కేసు వేయాలంటే హైకోర్టు అనుమతి కావాలి, మిగతా చోట్ల జిల్లా సెషన్స్ జడ్జి అనుమతి కావాలి. ప్రెసిడెన్సీ పట్టణమంటే మద్రాసు నగరం. చట్టం ఏ ఊరిని చూసి రాశారో ఆ ఒక్క మాటలోనే తెలుస్తుంది. హైదరాబాదు ఎన్నడూ ప్రెసిడెన్సీ పట్టణం కాదు.

మావ్లే సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. తీర్పు రాసింది జస్టిస్ హిదాయతుల్లా. ఈ చట్టమే రాజ్యాంగ విరుద్ధమన్న వాదన కోర్టు ముందుకు వచ్చింది, కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. అడ్డూ అదుపూ లేకుండా వేధింపు కేసులు వేయడం ఏ పౌరుడికీ తిరుగులేని హక్కు కాదనీ, ఈ చట్టం జనం మేలు కోరి చేసిందేననీ చెప్పింది. అక్కడివరకు మావ్లే ఓడిపోయాడు. ఆయన గెలిచింది ఇంకో దగ్గర. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసు చట్టాలు ఆ జిల్లాలతో పాటే వచ్చాయి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం నుంచి తెలంగాణ జిల్లాలు వచ్చి కలిశాయి. రాష్ట్రాల పునర్విభజన చట్టం 119వ సెక్షన్ ప్రకారం, శాసనసభ మార్చేదాకా ఎక్కడి చట్టాలు అక్కడే నడుస్తాయి. మద్రాసు చట్టాన్ని తెలంగాణకు విస్తరింపజేస్తూ శాసనసభ ఏమీ చేయలేదు. ఒకే హైకోర్టు, ఒకే రాష్ట్రం కావచ్చు, కానీ ఈ గడ్డ మీద లేని చట్టంతో ఈ గడ్డ మీది మనిషిని కట్టడి చేయడం కుదరదు. ఉత్తర్వును సుప్రీంకోర్టు కొట్టేసింది.

మావ్లే వేసిన కేసుల్లో పస ఉందా లేదా అన్నది నాకు పట్టింపు కాదు. నేను ఈ తీర్పును ఇంతగా పట్టుకోవడానికి కారణం వేరు. కోర్టు గడప తొక్కవద్దని ఒక మనిషికి చెప్పడం మామూలు ఉత్తర్వు కాదు. పొలం పోయినా, కూలి డబ్బులు ఎగ్గొట్టినా, ఎవరన్నా కొట్టినా మనం చివరికి అనే మాట "కోర్టులో చూసుకుంటా" అని. ఆ మాట ఒకరి నోట్లో నుంచి తీసేస్తున్నప్పుడు ప్రతి మెట్టూ సరిగ్గా ఎక్కి రావాల్సిందే. ఏ చట్టం కింద, ఎవరి అర్జీ మీద, ఏ కేసులు చూసి, ఆ మనిషి ఏం చెప్పుకున్నాక తీసేస్తున్నారో కాగితం మీద ఉండాల్సిందే. మావ్లే కేసులో మొదటి మెట్టే లేదని తేలింది. ఎదుటి మనిషి ఎంత విసిగించేవాడైనా ఆ ఒక్క మెట్టు కోసం అత్యున్నత న్యాయస్థానం ఆగి చూసింది.

ఈ మద్రాసు చట్టానికి పెద్దన్న ఇంగ్లండులో ఉంది. 19వ శతాబ్దం చివర్లో లండన్‌లో అలెగ్జాండర్ చాఫర్స్ అనే ఆయన 48 దావాలు వేశాడు. యువరాజు మీద, కాంటర్బరీ ఆర్చిబిషప్ మీద, పార్లమెంటు స్పీకర్ మీద కూడా వేశాడు. ఆయన చదువురాని మనిషి కాదు, సొలిసిటర్‌గా పనిచేసినవాడు, కోర్టు పద్ధతి వెన్నతో పెట్టిన విద్యగా తెలిసినవాడు. ఆయన్ని ఆపడానికని 1896లో పార్లమెంటు చట్టం చేసింది. అక్కడా అర్జీ పెట్టాల్సింది అటార్నీ జనరలే, అక్కడా ఆ మనిషిని వినాల్సిందే. కానీ ఆ చట్టంలో ఇంకో మాట ఉంది, నేను దాన్ని మా దగ్గరికి వచ్చే కుర్ర వకీళ్ళకు ప్రత్యేకంగా చూపిస్తాను. ఆ మనిషి బీదరికం వల్ల వకీలును పెట్టుకోలేకపోతే, కోర్టే ఒక వకీలును ఇచ్చి, ఆ తర్వాతే ఉత్తర్వు చేయాలట. యువరాజు మీదే దావా వేసిన మనిషి కోసం చేసిన చట్టంలో, రాణి పాలిస్తున్న రోజుల్లో రాసుకున్న మాట అది. యాభై మూడేళ్ళ తర్వాత మద్రాసులో అదే చట్టాన్ని మన మనుషుల కోసం దించుకున్నప్పుడు, "చెప్పుకునే అవకాశం" మిగిలింది గానీ బీదవాడికి వకీలు అన్న మాట రాలేదు. మనకే కదా ఆ మాట ఎక్కువ అవసరం! ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చట్టంలో ఎక్కడా "వకీలు లేనివాడు" అని ఉండదు. కానీ దెబ్బ పడేది వాళ్ళ మీదే. వకీలు ఉన్నవాడి కాగితం ముందు వకీలు దగ్గర ఆగుతుంది. "ఇందులో పస లేదు పటేలా, డబ్బులు దండగ" అని ఆయన చెబుతాడు, లేదా సరైన సెక్షన్ కింద సరైన కోర్టులో వేస్తాడు. వకీలు లేనివాడు ఒకే గోడు నాలుగు కచేరీల్లో నాలుగు రకాలుగా చెప్పుకుంటాడు. తన కేసు తానే నడుపుకునే హక్కు మాత్రం అతనికి పూర్తిగా ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడో ఆర్డర్ మొదటి రూలు ప్రకారం కక్షిదారు స్వయంగా హాజరు కావచ్చు. 1908 నాటి ఆ కోడ్ 1951లో మా హైదరాబాదు రాష్ట్రానికి వచ్చింది. అంతకుముందు ఇక్కడ నిజాం సర్కారు కోడ్ ఉండేది.

మా బాపు ఆ నిజాం సర్కారు రోజుల్లోనే అర్జీలు రాయడం మొదలుపెట్టాడు. అప్పుడు ఇచ్చోడ బోథ్ తాలూకాలో ఉండేది. కచేరీ భాష ఉర్దూ. రైతు ఇంట్లో గోండి, అంగట్లో మరాఠీ, ఇటు నిర్మల్ దిక్కు వస్తే తెలుగు. తన గోడు తనకు రాని భాషలో, తను చదవలేని లిపిలో పోతుంటే, కింద వేలిముద్ర మాత్రం తనది. బాపు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. రాయడం అయ్యాక ఆ కాగితాన్ని గోండిలోనో మరాఠీలోనో గట్టిగా చెప్పేవాడు. "నువ్వు చెప్పింది ఇదేనా?" అని అడిగి, రైతు తల ఊపినాకే సిరా డబ్బా ముందుకు జరిపేవాడు. కొన్నిసార్లు రైతు "కాదు, ఆ బండ ఇవతలి దాకా నాది" అని దిద్దేవాడు. బాపు మళ్ళీ కొత్త కాగితం తీసేవాడు. కాగితం ఖర్చు తనదే. నేను కూడా అదే పద్ధతిలో పోతున్నాను.

ఆ రోజుల్లో మా అడవి పల్లెల్లో చాలా భూమి శివాయి జమాబందీ కింద ఉండేది. దున్నుకుంటూ శిస్తు కట్టేవాళ్ళకు పట్టా ఉండేది కాదు. పట్టా కావాలంటే అర్జీ పెట్టాలి, అర్జీకి ఉర్దూ రావాలి, దాని వెంట పట్వారీ చుట్టూ, గిర్దావర్ చుట్టూ తిరగాలి. గోండు నాయకుడు కుమ్రం భీము నిజాం దాకా వెళ్ళి మొరపెట్టుకోవాలని చూశాడనీ, విననివ్వలేదనీ మా దిక్కు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1940లో జోడేఘాట్‌లో ఆయన తూటాలకు బలయ్యాకే, గోండుల గోడు ఏమిటో కనుక్కోమని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు పని అప్పగించింది. ఆయన ఊరూరా తిరిగి, పటేళ్ళతో కూచుని విని, రాసి పంపిన తర్వాత పట్టాలు మొదలయ్యాయి. వినడం ముందు జరగాల్సింది, చావు తర్వాత జరిగింది.

రాత పని నా చేతికి వచ్చేసరికి భాష తెలుగైంది, కలం పోయి టైపు మిషను వచ్చింది. కోర్టుకైతే ఆకుపచ్చ లెడ్జరు కాగితం, ఎడమ పక్కన వెడల్పు మార్జిను, లైనుకూ లైనుకూ మధ్య ఎడం, వెనక డాకెట్ షీటు, దాని మీద కోర్టు ఫీజు స్టాంపు. కచేరీకైతే తెల్లకాగితం చాలు. మాటలు మాత్రం బాపు కాలానివే మిగిలాయి: దావా, పేషీ, నకలు, ఫైసలా, పహాణీ. సంత రోజున బజార్‌హత్నూర్ నుంచి, సిరికొండ దిక్కు నుంచి, నేరడిగొండ నుంచి వచ్చినవాళ్ళు కూరగాయల సంచితో పాటు ప్లాస్టిక్ కవర్లో కాగితాలు తెచ్చేవాళ్ళు.

అట్లా కాగితాలు తెచ్చిన ఒక రైతు గురించి చెప్పాలి. పేరు వద్దు. గోండు మనిషి, నాకంటే పెద్దవాడు, నేను దాదా అని పిలిచేవాణ్ణి. ఊళ్ళో ఆయన పేరు, ఆయన తండ్రి పేరు ఉన్న మనిషే ఇంకొకడున్నాడు. మా పల్లెల్లో అది మామూలే. రికార్డు మార్చేటప్పుడు దాదా భూమి పోయి ఆ రెండో మనిషి ఖాతాలో కూచుంది. ఆ రెండో ఆయన కూడా మంచివాడే, ఆ భూమి నాది కాదని చెప్పేవాడు. గొడవ మనుషుల మధ్య కాదు, కాగితంలో.

ఒక కార్యాలయంలో దాదా అర్జీ పెట్టాడు. పహాణీ నకలు జతచేయలేదని వాపసు వచ్చింది. నకలు తెచ్చి మళ్ళీ పెట్టాడు. సర్వే నంబరు ఉంది గానీ బై నంబరు లేదన్నారు. అది తెచ్చి మళ్ళీ పెట్టాడు. ఇది మా పరిధి కాదు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. కోర్టు ఫీజు లెక్క విని భయపడి, పై అధికారికి అర్జీ పెట్టాడు. అది తిరిగి తిరిగి మొదటి కార్యాలయానికే వచ్చింది. "పరిష్కరించబడింది" అని రాసి ఒక జవాబు వచ్చింది. ఏమి పరిష్కరించారో అందులో లేదు. దాదా ఆ జవాబు పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. అప్పుడు అక్కడున్న ఒక ఉద్యోగి ఆయన కాగితాల కట్టను నా ముందే ఎత్తి చూపించి, "ఈయనకు ఇదే పని, అలవాటైపోయింది" అన్నాడు.

దాదా అప్పుడు అన్న మాట నాకు ఉన్నదున్నట్టు గుర్తుంది. "నేను కొట్లాటకు రాలే సారూ. నా కాగితం ఎవ్వరు సదవలే. సదివితే మల్ల ఎందుకస్త?"

ఆ కట్టను బయటినుంచి తూస్తే ఆయన వేధించే మనిషే. తేదీల వారీగా పేర్చి చదివితే ఆయన వేసింది ఒకే ఒక అర్జీ, ప్రతిసారీ వాళ్ళడిగిన దాన్ని చేర్చి మళ్ళీ తెచ్చిన అదే అర్జీ. ఆ సాయంత్రం ఇద్దరం కూచుని అట్లానే పేర్చాం. ఒక్కో వాపసు కాగితం మీద ఏం అడిగారో ఎడమ పక్కన, దానికి ఆయన ఏం తెచ్చాడో కుడి పక్కన టైపు చేశాను. ఆ రెండో మనిషి కూడా వచ్చి, భూమి తనది కాదని వేలిముద్ర వేశాడు. కొత్తగా వచ్చిన ఒక అధికారి ఆ షీటు చూసి, ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి అడిగారు. ఆ పూటే తేలిపోయింది. ఆయన చేసిన కొత్త పని ఏమీ లేదు, అడిగి విన్నారు, అంతే.

అమెరికాలో 1990లో ఫెడరల్ తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు డీ లాంగ్ కేసులో చెప్పింది చదివినప్పుడు నాకు దాదా కట్టే కళ్ళ ముందు కదిలింది. వకీలు లేకుండా పదే పదే కేసులు వేసే మనిషిని ఆపాలంటే కింది కోర్టు ఏం చేయాలో అందులో ఉంది. ముందుగా నోటీసు ఇచ్చి, అతని మాట వినాలి. ఏ కేసులు చూసి ఈ నిర్ణయానికి వచ్చారో ఆ జాబితా రికార్డు చేయాలి. ఆ కేసులు నిజంగా పస లేనివో, వేధింపు కోసం వేసినవో విడమరిచి రాయాలి. ఉత్తర్వు ఆ మనిషి చేసిన తప్పుకు సరిపడినంతే ఉండాలి, అన్ని కోర్టులూ అన్ని విషయాలూ మూసేసేలా ఉండకూడదు. కేసుల సంఖ్య ఒక్కటే చాలదు, లోపల ఏముందో చూడాలన్నది ఆ తీర్పు చెప్పిన మాటల్లో నాకు అన్నిటికంటే విలువైనది. మా దగ్గర సంఖ్యకు కారణం చాలాసార్లు అర్జీదారు కాడు, జవాబు ఇవ్వని కుర్చీ.

రెండో పక్క కూడా చెప్పాలి. వేధింపు కేసులు నిజంగానే ఉంటాయి. మా చుట్టుపక్కల అవి ఎక్కువగా వేసింది డబ్బున్నవాళ్ళే. గిరిజనుడి భూమి పట్టుకుని, ఒక కోర్టులో ఓడితే ఇంకో కోర్టు, కొడుకు పేరున ఓడితే అల్లుడి పేరున వేసినవాళ్ళను నేను గుమాస్తాగా ఉన్నప్పుడు చూశాను. ఎదుటివాడు పేషీకి రావాలంటే కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని రావాలి. కేసు గెలవడం కాదు వాళ్ళకు కావలసింది, ఎదుటివాడు తిరగలేక వదిలేయడం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 35ఎ సెక్షన్ కింద తప్పుడు దావాకు పరిహారం ఇప్పించవచ్చు, కానీ దాని గరిష్ఠ పరిమితి 3,000 రూపాయలు. రోడ్డు పక్కన ఎకరం కోసం దావా వేసినవాడికి అది లెక్కలోకి రాదు. ఏడో ఆర్డర్ పదకొండో రూలు కింద ప్లెయింటును మొదట్లోనే తిప్పికొట్టవచ్చు, అది ఒక్కొక్క దావాకే పనిచేస్తుంది. 1977లో అరివందందం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇట్లాంటి దావాలను మొగ్గలోనే తుంచాలని కింది కోర్టులకు గట్టిగా చెప్పారు. బీదవాడికి న్యాయసహాయం ఎట్లా అందాలో 1973లో పెద్ద నివేదిక రాసిన కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆ రెండూ ఒకే మనిషి రాయడం నాకు సమంజసంగానే కనబడుతుంది. పస లేని దావాను తుంచాలంటే ముందు దాన్ని చదవాలి, బీదవాడిని కాపాడాలన్నా ముందు అతని కాగితం చదవాలి.

చట్టం విస్తరణ అన్న విషయం మా ఇచ్చోడకు ఇంకో రకంగా బాగా తెలుసు. 1950 నాటి షెడ్యూల్డు ప్రాంతాల ఉత్తర్వులో బోథ్ తాలూకా గ్రామాల జాబితాలో ఇచ్చోడ ఉంది, సిరిచెల్మ ఉంది, గుడిహత్నూర్ ఉంది. గిరిజనుల భూమి చేతులు మారకుండా 1959లో ఆంధ్రప్రదేశ్ మొదటి రెగ్యులేషన్ తెచ్చింది. అది మొదట ఆంధ్ర ప్రాంతపు ఏజెన్సీకే. తెలంగాణకు దాన్ని 1963లో రెండో రెగ్యులేషన్ ద్వారా విస్తరించారు, అమలు ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి. అప్పటిదాకా ఇక్కడ హైదరాబాదు రాష్ట్రం నాటి గిరిజన ప్రాంతాల రెగ్యులేషనే దిక్కు. తర్వాత 1970లో సవరణ వచ్చి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందుగా అనుకోవాలనీ, కాదని రుజువు చేసుకునే భారం గిరిజనేతరుడిదేననీ చెప్పింది. ఏ చట్టం ఎప్పుడు ఈ నేల మీదికి వచ్చిందన్నది మాకు పుస్తకాల్లో చర్చించుకునే సంగతి కాదు. ఆ తేదీకి ముందు జరిగిన కొనుగోలా, తర్వాత జరిగిందా అన్న దాని మీదే ఉట్నూరులో భూమి కేసులు తేలాయి. మావ్లేను కాపాడింది, మా రైతును కొన్నేళ్ళు ఆలస్యంగా కాపాడింది ఒకే సూత్రం. రెండోదాన్ని తలచుకుంటే బాధ కలుగుతుంది. అయినా సూత్రం సరైనదే. ఆలస్యం శాసనసభది.

మద్రాసు చట్టంలాంటిది దేశమంతటికీ ఉండాలని 2005లో లా కమిషన్ 192వ నివేదికలో సిఫారసు చేసింది. అప్పటి కమిషన్ అధ్యక్షుడు మన తెలుగువారే, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన జస్టిస్ ఎం. జగన్నాధరావు. దేశమంతటికీ వర్తించే చట్టం మాత్రం ఆ సిఫారసు నుంచి రాలేదు. చట్టం లేకపోయినా కోర్టులు తమ స్వంత అధికారంతో ఆపుతూనే ఉన్నాయి. 2017లో సుప్రీంకోర్టు సురాజ్ ఇండియా ట్రస్టు అనే సంస్థకు 25 లక్షల రూపాయల ఖర్చులు వేసి, ప్రజాప్రయోజన వ్యాజ్యాలు ఇక వేయవద్దని చెప్పింది. అది సంస్థ, తన మాట తాను చెప్పుకోగలదు. అదే అధికారం రేపు బై నంబరు తెలియని మనిషి మీద వాడితే అతని తరఫున ఎవరు మాట్లాడతారన్నదే నా దిగులు. మెట్లు రాసి ఉన్న చట్టం కంటే మెట్లు రాసి లేని అధికారమే బీదవాడికి ఎక్కువ ప్రమాదం. అందుకే చట్టం వద్దనేవాళ్ళతో నేను కలవను.

వినకుండా తేల్చేస్తే ఏమవుతుందో 2021లో తెలంగాణ అంతా చూసింది. 2020లో కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చి రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. తహసీల్దారు దగ్గర, ఆర్డీవో దగ్గర, జాయింట్ కలెక్టరు దగ్గర పెండింగులో ఉన్న దాదాపు 16 వేల కేసులను తేల్చడానికి జిల్లాకొక ప్రత్యేక ట్రిబ్యునల్ పెట్టారు. కలెక్టరు, అదనపు కలెక్టరు కలిసి కూచునే ట్రిబ్యునల్. రెవెన్యూ కోర్టులంటే వకీలు లేని మనిషి ఎక్కువగా కనబడే చోటు. తువ్వాలు భుజాన వేసుకుని, పిలుపు కోసం వరండాలో పొద్దంతా కూచునేది అక్కడే. ట్రిబ్యునళ్ళు చాలా వేగంగా, చాలా చోట్ల మనిషిని పిలవకుండానే, ఫైలు చూసి ఫైసలా రాసేశాయి. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో తమ కేసు అయిపోయిందన్న సంగతి ఊళ్ళో వేరేవాళ్ళు చెబితే తెలిసినవాళ్ళు ఉన్నారు. ఈ విషయం హైకోర్టు ముందుకు వెళ్ళింది. పిలిచి వినాల్సిందేననీ, తమ మాట వినకుండా కేసు తేలిపోయినవాళ్ళకు మళ్ళీ అవకాశం ఇవ్వాలనీ హైకోర్టు చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నా మిషను ఆగకుండా కొట్టింది. "మా కేసును మళ్ళీ వినండి" అని రాయించుకోవడానికి వచ్చినవాళ్ళతో బెంచీ నిండింది. ప్రతి కాగితంలో మొదటి పేరాగా నేను ఒకటే రాశాను: ఫలానా తేదీన నాకు నోటీసు అందలేదు, నేను హాజరు కాలేదు, నా మాట ఎవరూ అడగలేదు.

2025లో భూభారతి చట్టం వచ్చింది. ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు చేసుకునే దారి మళ్ళీ తెరుచుకుంది. దాంతో పాటే పాత కట్టలు మళ్ళీ బయటికి వస్తున్నాయి. వాటిని చూసి ఎవరో ఒకరు వేధింపు అర్జీల చట్టం ఇక్కడికీ తేవాలంటారు. తెస్తే తేనివ్వండి, కానీ 1949 మద్రాసు ప్రతిని కాదు, 1896 నాటి ఆ పాత మాటతో సహా తేవాలి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం గిరిజనులకు, దళితులకు, మహిళలకు ఉచిత వకీలు ఎట్లాగూ హక్కే. ఒక మనిషిని కోర్టుకు రావద్దనే అర్జీ దాఖలైన రోజే, ఆ నోటీసు మీదే, నీకు ఫలానా వకీలును ఇచ్చాం, ఫలానా తేదీన వచ్చి చెప్పుకో అని రాసి పంపాలి. ఆ నోటీసు తెలుగులోనే కాక, మా దగ్గరైతే గోండిలో, మరాఠీలో కూడా చదివి వినిపించి, "ఇదేనా నీకు తెలిసింది?" అని అడిగిన తర్వాతే వేలిముద్ర తీసుకోవాలి.